పంటి బిగువున ముప్పై ఏళ్ళు

నన్ను కౌన్సెలింగ్‌కు పంపింది మనసు డాక్టరు కాదు, పళ్ళ డాక్టరు. అరండల్‌పేటలో ఆవిడ నా నోట్లో చిన్న అద్దం పెట్టి చూసి, "ఏమండీ, రాత్రిళ్ళు రాళ్ళు నములుతున్నారా?" అన్నారు. దవడ పళ్ళ మీది మిట్టలన్నీ అరిగి చదునైపోయాయట. నిద్రలో పళ్ళు కొరుకుతున్నానని నా భార్య పదేళ్ళుగా చెబుతూనే ఉంది. కడుపులో నులిపురుగులేమో అనుకుని ఆ మందు కూడా వేసుకున్నాను. డాక్టరు పంటి తొడుగు చేయించి ఇస్తే ఆరు నెలలకు దానికి కన్నం పడింది. రెండోది చేతిలో పెడుతూ, "ఇది పళ్ళను కాపాడుతుంది. కొరికే మనిషిని నేనేమీ చేయలేను, ఆయన్ను ఇంకెవరికైనా చూపించండి" అన్నారు.

కొరికే మనిషి గురించి కొంత చెప్పాలి. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. కొట్టు మా మేనమామది. నాకు పదిహేడో ఏట నాన్న పోతే అమ్మనూ నన్నూ చెల్లెల్నీ తీసుకొచ్చి తన ఇంట్లో పెట్టుకున్నది ఆయనే. ఇంటర్ అయ్యాక నాకు బీఎస్సీలో సీటు వచ్చింది. "లెక్కలు బాగా వచ్చుగా, కొట్టులో కూర్చో" అన్నారు. కూర్చున్నాను. తర్వాత వాళ్ళమ్మాయినే నాకిచ్చి చేశారు. తెలుగులో మేనమామకూ పిల్లనిచ్చిన మామకూ ఒకే పిలుపు కాబట్టి, 'మామయ్యా' అన్నప్పుడల్లా ఏ వరసతో పిలుస్తున్నానో నాకే తెలియదు. ఇప్పుడు నాకు నలభై ఏడు. తక్‌పట్టీలు, అంటే రైతుల సరుకు అమ్మకం లెక్క చీటీలు, రాస్తూ ముప్పై ఏళ్ళు గడిచాయి.

వేసవి సెలవులకు యార్డు మూసినప్పుడు, ఒక స్నేహితుడు చెబితే విజయవాడలో ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాను. గుంటూరులో కౌన్సెలర్లు లేక కాదు. బ్రాడీపేటలో ఏ మెట్లెక్కినా యార్డు మనిషి ఒకడు ఎదురవుతాడు, సాయంత్రానికి కొట్టులో తెలిసిపోతుంది. అందుకని ఆదివారం పొద్దున్నే బస్సెక్కి, మంగళగిరి దాటి, వారధి మీద కృష్ణ దాటి, బెంజి సర్కిల్‌లో దిగి, అక్కడి నుంచి మొగల్రాజపురానికి ఆటో. ఏటికి ఈవల మింగిందాన్ని ఆవల కక్కినా ఎవరికీ తెలియదని ధైర్యం.

ఆవిడ నాకంటే చిన్నది. ముందు నిద్ర, మందులు, తాగుడు, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానన్నారు. అర్ధరాత్రి తట్టుకోలేకపోతే చేయమని టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం నంబరు 14416 ఒక చీటీ మీద రాసిచ్చారు. తాను ఎక్కడ ఏమి చదివిందీ, ఎవరి పర్యవేక్షణలో పనిచేస్తున్నదీ నేను అడక్కుండానే చెప్పారు. కౌన్సెలర్ అనే బోర్డు ఎవరైనా కట్టుకోగల రోజుల్లో అది నాకు నచ్చింది. తాను చేసేది గెస్టాల్ట్ పద్ధతి అన్నారు. గెస్టాల్ట్ అంటే జర్మన్‌లో రూపు, మొత్తంగా కనిపించే ఆకారం అని అర్థమట. నేను తల ఊపాను. బోధపడని ప్రతిదానికీ తల ఊపడం కొట్టులో అలవాటైన విద్య.

కథంతా చెప్పాలని సిద్ధపడి వెళ్ళాను. లెక్కల మనిషిని కదా, తారీఖులతో సహా పది నిమిషాలు చెప్పాను. ఆవిడ విని, "మీ నాన్నగారు పోయిన సంగతి చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నారు, గమనించారా?" అన్నారు. గమనించలేదు.

"ఎందుకు నవ్వానంటారు?"

"అది నాకూ తెలియదు. ఎలా నవ్వుతున్నారో చూద్దాం. మళ్ళీ ఒకసారి అలాగే నవ్వండి."

నవ్వాను. పెదవులు సాగాయి. వాటి వెనక పళ్ళు మాత్రం ఒకదాని మీద ఒకటి బిగుసుకుని ఉన్నాయి. మెడ నరం లాగుతోంది. ఊపిరి గొంతు దగ్గరే ఆగి ఉంది. ఆవిడ ఇంకేమీ చెప్పలేదు, ఆ రోజుకు అంతే. వెయ్యి రూపాయలిచ్చి నా మొహం నేను చూసుకుని వచ్చానని బస్సులో తిట్టుకున్నాను. అలా తిట్టుకునేటప్పుడూ పళ్ళు బిగించే ఉన్నానని మంగళగిరి దగ్గర తెలిసింది. బహుశా అందుకే రెండో ఆదివారం కూడా వెళ్ళాను.

'ఎందుకు' అన్న ప్రశ్న ఆ గదిలో దాదాపు వినిపించదు. ఎందుకు అని అడిగితే మనం వకీలు అయిపోతాం, కారణాలు పేర్చి కేసు గెలుస్తాం. ఏమి జరుగుతోంది, ఎలా జరుగుతోంది, ఇప్పుడు ఎక్కడ తెలుస్తోంది అన్నవే ఆవిడ ప్రశ్నలు. గతం గురించి మాట్లాడకూడదని కాదు. ఆ గతం ఈ క్షణంలో, ఈ కుర్చీలో, ఈ దవడలో ఏం చేస్తోందన్నదే వాళ్ళకు పని.

ఈ పద్ధతిలో మూర్తి, నేపథ్యం అని రెండు మాటలున్నాయి. మన చూపులో ఒకటి ముందుకొచ్చి నిలుస్తుంది, మిగతాది వెనక్కి తగ్గుతుంది. ఆకలేస్తే బందరు రోడ్డు పొడవునా హోటళ్ళ బోర్డులే కనిపిస్తాయి, కడుపు నిండాక అవే బోర్డులు గోడలో కలిసిపోతాయి. 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో మాక్స్ వెర్ట్‌హైమర్, వుల్ఫ్‌గాంగ్ కోలర్, కుర్ట్ కోఫ్కా అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చూపు గురించి చేసిన పరిశోధనలతో ఈ ఆలోచన బలపడింది. వాళ్ళు వైద్యం చేసినవాళ్ళు కాదు. వాళ్ళ పేరును వైద్యానికి తగిలించడం ఆ బడిలో కొందరికి నచ్చలేదు కూడా. ఆవిడ ఇది చెబుతుంటే నాకు యార్డు గుర్తొచ్చింది. కొత్తవాడెవడైనా గేటు లోపల అడుగుపెడితే ఘాటుకు దగ్గి, తుమ్మి, కళ్ళు తుడుచుకుంటాడు. నాకు ముప్పై ఏళ్ళుగా ఘాటే తెలియదు. "అయితే మీకు ఇంకా ఏమేమి తెలియడం లేదో చూద్దాం" అన్నారు ఆవిడ.

బ్లూమా జీగార్నిక్ అనే ఆవిడ 1927లో బెర్లిన్‌లో ప్రచురించిన పరిశోధన గురించి కూడా కౌన్సెలర్ చెప్పారు. ముగించిన పనికంటే మధ్యలో ఆగిన పని మనిషికి ఎక్కువ గుర్తుంటుందని అందులో తేలింది. తర్వాత మళ్ళీ చేసి చూసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదట గాని, గుమాస్తాకు పరిశోధన ఎందుకు? కొట్టేసిన పద్దు మర్నాటికి గుర్తుండదు. తేలని పద్దు కలలోకి వస్తుంది.

అక్కడ నాకు తెలుగు వ్యాకరణం కొత్తగా అర్థమైంది. మన భాషలో కోపం 'వస్తుంది'. చుట్టంలా వస్తుంది, ఉన్నన్నాళ్ళు ఉంటుంది, పోతుంది. మనం గుమ్మం పక్కన నిలబడి చూస్తుంటాం, అంతే. తప్పదు, కుదరదు, పడదు, అనిపించింది, అయిపోయింది అంటాం. వీటిలో వేటికీ చేసేవాడు ఉండడు. ఇలాంటి మాటలను 'నేను'తో మొదలుపెట్టి చెప్పి చూడమనడం గెస్టాల్ట్‌లో మొదటి నుంచీ ఉన్న పని. ఇంగ్లీషువాడు కర్త లేకపోతే ఒక డొల్ల కర్తనైనా పెట్టుకోవాలి, తెలుగువాడికి ఆ శ్రమ కూడా లేదు. నేను మరీ ఘనుణ్ణి. 'నేను' అనవలసిన చోటల్లా 'మేము' అంటున్నానని, 'మా ఇంట్లో అంతే', 'మేము అలా అనుకోము' అంటున్నానని ఆవిడ చూపించారు.

అయిదో ఆదివారం అనుకుంటాను. "చదువు ఆగిపోయింది" అన్నాను.

"నేను ఆపేశాను, అని చెప్పి చూడండి. సరిపోతుందో లేదో నోటితోనే తెలుస్తుంది."

"నేను ఆపేశా..." అని మాట మధ్యలో ఆగాను. ఒళ్ళు మండింది. "నేను ఆపలేదండీ!"

"మరి?"

చాలాసేపు గోడ గడియారం వినబడింది. తర్వాత, ముప్పై ఏళ్ళలో మొదటిసారి, చేసేవాడున్న వాక్యం ఒకటి నా నోటి నుంచి వచ్చింది. "మామయ్య నా చదువు ఆపేశారు." వెంటనే నాలుక కరుచుకున్నాను, ఊరికే మాటవరసకు కాదు, నిజంగానే. అన్నం పెట్టిన మనిషిని అంత మాట అన్నానని ఏడ్చాను. ఆయన తప్పేమీ లేదని మరో పావుగంట ఆవిడకు నచ్చచెప్పాను. ఆవిడ కాదనలేదు, అవుననలేదు. "రెండూ మీవే" అన్నారు.

ఈ పద్ధతిని మొదలుపెట్టిన ఫ్రిట్జ్ పెర్ల్స్ గురించి తర్వాత చదివాను. 1893లో బెర్లిన్‌లో పుట్టిన యూదుడు. ఫ్రాయిడ్ పద్ధతిలో తయారైన వైద్యుడు. హిట్లర్ వచ్చాక 1933లో భార్య లారాతో హాలండ్ పారిపోయి, అక్కడి నుంచి దక్షిణాఫ్రికా చేరాడు. అక్కడుండగా 1942లో వేసిన పుస్తకంలో ఆకలి గురించి, పళ్ళ గురించి, నమలడం గురించి రాశాడు. ఆ ఆలోచన వెనక, కొన్ని అధ్యాయాల వెనక, లారా చేయి ఉంది. పసిపిల్ల పాలు మానిపించి అన్నం నేర్పడం దగ్గర నుంచి చూసిన మనిషి ఆవిడ. పళ్ళు వచ్చిన పిల్ల కొరుకుతుంది, నములుతుంది, నచ్చనిది ఉమ్మేస్తుంది, నచ్చినది ఒంటికి పట్టించుకుంటుంది. పెద్దవాళ్ళ మాటలను కూడా అలాగే తీసుకోవాలి. నమలకుండా మింగితే ఆ మాట కడుపులో రాయిలా అలాగే ఉంటుంది, మనదీ కాదు, బయటికీ పోదు. 'ఇంట్రోజెక్షన్' అని దానికి పేరు. ఎదుటివాడి మీద చూపవలసిన బలాన్ని తన మీదికే తిప్పుకోవడం 'రెట్రోఫ్లెక్షన్'. ఎదుటివాడికీ తనకూ మధ్య గీత చెరిగిపోయి, ఎవరి ఇష్టం ఎవరిదో తెలియకపోవడం 'కాన్‌ఫ్లుయెన్స్'. నాలో మూడూ ఉన్నాయి. చక్కగా పద్దుల వారీగా ఉన్నాయి.

మాట దిగమింగడం, కడుపులో పెట్టుకోవడం, పంటి బిగువున ఓర్చుకోవడం... ఇవన్నీ మనకు ఎప్పటి నుంచో ఉన్న మాటలే కదా అని పొంగిపోయి కౌన్సెలర్‌తో అన్నాను. "మీ ఇంట్లో ఈ మాటలు ఎవరు అనేవారు?" అని అడిగారు. అమ్మమ్మ. "తిట్టుగానా, మెప్పుగానా?" అప్పుడు చప్పబడిపోయాను. మా అమ్మమ్మ వాటిని మెప్పుగానే అనేది. "పిచ్చినాయన, అన్నీ పంటి బిగువున ఓర్చుకుంటాడు" అని నలుగురి ముందు నా తల నిమిరేది. ఆ మెప్పు కోసమే పళ్ళు అరగదీసుకున్నాను.

ఖాళీ కుర్చీ గురించి చాలామంది వినే ఉంటారు. సైకోడ్రామా, అంటే నాటకంలా ఆడించి చేసే చికిత్స, నడిపిన మోరెనో నుంచి పెర్ల్స్ తీసుకుని తనదిగా మలుచుకున్న పని అది. ఎదురుగా ఒక కుర్చీ వేసి, మనం మాట్లాడవలసిన మనిషి అందులో ఉన్నట్లు మాట్లాడమంటారు. వీడియోల్లో జనం అరుస్తారు, ఏడుస్తారు, దిండ్లు బాదుతారు. నా చేత దిండు కొట్టిస్తారేమోనని భయపడుతూనే ఉన్నాను. ఆవిడ అడగలేదు. పేము కుర్చీ ఒకటి నా ఎదురుగా వేసి, "మామయ్యగారు ఇందులో కూర్చుంటే ఎలా కూర్చుంటారు?" అన్నారు. కాలు మీద కాలు, పంచె కుచ్చెళ్ళు ఒడిలోకి, మొలకు ఇనప్పెట్టె తాళాలు. కళ్ళకు కట్టింది.

"మీరు లేచి నిలబడ్డారు" అన్నారు ఆవిడ.

నిజమే. ఎప్పుడు లేచానో తెలియదు. ఆయన కూర్చుంటే నేను ఎదురుగా కూర్చోవడం పుట్టి బుద్ధెరిగాక లేదు. కొట్టులో నా బల్ల పక్కకు తిరిగి ఉంటుంది. పెళ్ళిలో కాళ్ళు కడిగించుకున్నప్పుడు ఒక్కసారే కూర్చున్నాననుకుంటాను, అప్పుడూ తల దించుకునే ఉన్నాను. ఇంక మాటలెక్కడి నుంచి వస్తాయి? ఆవిడ తొందరపెట్టలేదు. అడ్డుపడేదాన్ని పడగొట్టడం తన పని కాదని, అది ఇన్నాళ్ళూ నన్ను ఎలా కాపాడిందో చూద్దామని అన్నారు. "కుర్చీ ఎంత దూరంలో ఉంటే మీరు కూర్చోగలరు?" అని అడిగారు. కొంచెం జరిపాను, ఇంకా జరిపాను, చివరికి మామయ్యను తీసుకెళ్ళి గుమ్మం బయట వరండాలో కూర్చోబెట్టాను. అప్పుడు కూర్చోగలిగాను. ఒక్క మాట మాట్లాడకుండా ఆయన ఎదురుగా, దూరంగా, కూర్చుని ఉండటం. ఆ రోజు పనంతా అదే. మోకాళ్ళు వణికాయి.

కుర్చీ వరండా నుంచి గదిలోకి రావడానికి మరో రెండు వారాలు పట్టింది. ఒకసారి నన్ను ఆ కుర్చీలోకి మారి మామయ్యగా మాట్లాడమన్నారు. కూర్చోగానే చేయి మొల దగ్గరికి పోయింది, తాళాల కోసం. "ఒరేయ్, నువ్వు కాలేజీకి పోతే లెక్కలు ఎవడు చూస్తాడురా? బయటివాణ్ణి పెడితే ముంచేస్తాడు" అన్నాను. అంటుంటే గొంతులో భయం వినిపించింది. ఆయనకు భయమనే మాట ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు. ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా చెప్పాలి. ఆ మాట అన్నది మామయ్య కాదు, నేను. ఆయన ఆ ఏడాది నిజంగా ఏమనుకున్నారో ఆ కుర్చీ చెప్పదు. కాకపోతే ముప్పై ఏళ్ళుగా నేను ఎదురుగా పెట్టుకున్న మామయ్య విగ్రహం, ఆ రోజు కొంచెం కదిలింది.

నాకు అన్నిటికంటే సిగ్గేసిన పని ఇంకొకటి. "మీ దవడకే మాటలొస్తే ఏమంటుంది?" అన్నారు. ఇదేమి వేషమండీ అన్నాను. "ఇష్టం లేకపోతే వద్దు" అన్నారు. వద్దనే స్వేచ్ఛ ఇస్తే ఎందుకో చేయాలనిపించింది. చూడండి, మళ్ళీ 'అనిపించింది'. చేశాను. "నేను దబ్బనంతో కుట్టిన టిక్కీ మూతిని. పురికొస తెగిందంటే కాయంతా నేలపాలు. నలభై కిలోలు కూరిన సంచీ ఇది. నేను పట్టుకోబట్టే ఈ ఇల్లు నిలబడింది." చెబుతుంటే నవ్వొచ్చింది, ఈసారి పళ్ళు విడివడి. దవడ నాకు శత్రువు కాదని, పాపం అది కూడా కొట్టులో ఉద్యోగిలాగే రాత్రీ పగలూ కాపలా కాస్తోందని తెలిసింది.

పెర్ల్స్ మనిషి మాత్రం నాకు నచ్చలేదు. గ్లోరియా అనే మహిళతో ముగ్గురు చికిత్సకులు విడివిడిగా మాట్లాడగా తీసి, 1965లో విడుదల చేసిన చిత్రం ఒకటుంది. కార్ల్ రోజర్స్, ఆల్బర్ట్ ఎలిస్‌లతో పాటు అందులో పెర్ల్స్ కూడా ఉంటాడు. సిగరెట్టు కాలుస్తూ, ఆమె నవ్వునూ కాళ్ళ ఊపునూ ఎత్తిచూపుతూ, దొంగవేషం అంటూ రెచ్చగొడతాడు. నా ముందు ఎవరైనా అలా కూర్చుని ఉంటే మొదటి బస్సుకే గుంటూరు వచ్చేసేవాణ్ణి. ఆ మాటే కౌన్సెలర్‌తో అన్నాను. ఇప్పటి గెస్టాల్ట్ చాలావరకు ఆ దారిలో నడవడం లేదని, మనిషికి ముందు ఆసరా ఉండాలన్న లారా మాట, ఎదుటివాణ్ణి వస్తువుగా కాక 'నీవు'గా కలవాలన్న తత్వవేత్త మార్టిన్ బూబర్ మాట ఇప్పుడు ముందుకొచ్చాయని చెప్పారు. పెర్ల్స్‌లో నాకు దగ్గరగా తోచింది ఒకే ఒక్క విషయం. 1936లో ఎంతో ఆశతో ఫ్రాయిడ్‌ను చూడటానికి వెళితే గుమ్మం దగ్గరే కొన్ని నిమిషాల్లో ముగిసిపోయిందట. ముసలితనంలో రాసుకున్న పుస్తకంలో కూడా ఆ గాయాన్ని వదల్లేదు. ఊరందరి పద్దులూ కొట్టేసినవాడికి తన పద్దు తేలలేదు.

ఆర్నాల్డ్ బైసర్ అనే ఇంకో ఆయన ఉన్నాడు. టెన్నిస్ ఆటగాడు, డాక్టరు, పోలియోతో మెడ కింది భాగమంతా చచ్చుబడిపోయింది. తాను కానిదాన్ని కావాలని ప్రయత్నించినప్పుడు కాదు, తాను ఉన్నదేదో అదే అయినప్పుడు మార్పు వస్తుందని 1970లో రాశాడు. ఇది నాకు సగమే అర్థమైంది. ఆ సగం ఇంట్లో, కంచం ముందు.

ఇంటికి ఇచ్చిన పని చాలా చిన్నది. ఒక పూట ఫోను, టీవీ లేకుండా, ప్రతి ముద్దా రుచి తెలిసేదాకా నమిలి తినాలి. ఇదీ పెర్ల్స్ 1942 పుస్తకంలో ఉన్నదే. నేను అయిదు నిమిషాల్లో భోజనం ముగించే మనిషిని. ఆ రోజు ముద్దపప్పు, గోంగూర బాగానే నడిచాయి. చామదుంపల పులుసు కలుపుకుని నమిలాను. ఇంకా నమిలాను. జిగట. నాకిది అస్సలు నచ్చలేదు. ఎప్పుడూ నచ్చలేదు. పాతికేళ్ళుగా ఆదివారం ఆదివారం తింటున్నాను.

"నాకు చామదుంపల పులుసు ఇష్టం లేదు" అన్నాను నా భార్యతో.

ఆమె గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇన్నేళ్ళూ తిన్నావుగా బావా?"

"తినలేదు, మింగాను."

కాసేపాగి, "నాకూ ఇష్టం లేదు. నాన్నకిష్టమని చేస్తున్నాను" అంది. ఇద్దరం కంచం ముందు కూర్చుని కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాం.

మొత్తం పద్నాలుగు సార్లు వెళ్ళాను, అయిదు నెలల్లో. ఆఖరుసారి కుర్చీ నాకు రెండు అడుగుల దూరంలో ఉంది. ఏం చెప్పానో ఇక్కడ రాయను. అసలు మామయ్యతో చదువు సంగతి మాట్లాడలేదు, మాట్లాడతానో లేదో కూడా చెప్పలేను. ఆయనకు డెబ్బై ఎనిమిది. పళ్ళ డాక్టరు మొన్న మూడో తొడుగు చూసి, గాట్లు ఉన్నాయి గాని కన్నం లేదన్నారు.

పోయిన ఆదివారం మామయ్య భోజనానికి కిందికి దిగివచ్చారు. అత్తయ్య పోయినప్పటి నుంచి మా మేడ మీదే ఉంటున్నారు. ఆయనకు ఎదురుగా పీట వాల్చుకుని కూర్చున్నాను. మా ఆవిడ ఆయనకు పులుసు వడ్డించి, నా వైపు తిరిగి, గిన్నె పట్టుకుని ఆగింది. నేను కంచానికి చేయి అడ్డం పెట్టాను.

"ఏరా, పడటం లేదా?" అన్నారు మామయ్య.

పడటం లేదంటే అయిపోయేది. పొట్టమీదికి తోసేసి బయటపడేవాణ్ణి.

"పడక కాదు మామయ్యా. నేను తినను."

ఆయన చేయి కంచంలోనే ఆగింది. నన్ను చూశారు, కూతుర్ని చూశారు, మళ్ళీ నన్ను చూశారు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమిరా?" అంటూ గోంగూర గిన్నెను ఎడంచేత్తో నా వైపు జరిపారు.